కొయ్యమనిషీ, మా మేనత్తా

ఇరవై మూడేళ్ళ వయసులో ఏదో ఒకటి అయిపోవాలని మనిషికి మహా తొందరగా ఉంటుంది. ఏమవ్వాలన్నది మాత్రం ఇంకా తేలి ఉండదు. నా సంగతి మరీను. ఆ సంవత్సరాల్లో తమిళనాట మా రాజపాళయం వీధుల్లో నేను పొద్దున లేచింది మొదలు ఎక్కడికో ఆలస్యమైపోతున్నవాడిలా తిరిగేవాణ్ణి. బి.కాం. అయింది. నాన్నకు తాళ్ళ అంగడి ఉంది. నూలు తాళ్ళు, కొబ్బరి తాళ్ళు, నైలాన్ తాళ్ళు, గోనెపట్టాలు, లారీల మీద కప్పే తార్పాలిన్లు. ఆ అంగట్లో కూర్చోవడం నా ఉద్యోగం. నాకు చేతకాని పని ప్రపంచంలో ఒక్కటి ఉందీ అంటే అది కూర్చోవడమే. బల్ల కింద నా కాళ్ళు రెండూ ఏదో మిల్లు మోటారుకు తగిలించినట్టు ఆడుతూ ఉండేవి. "కాలు ఆపరా, బల్ల అదురుతా ఉంది," అనేవాడు నాన్న తలెత్తకుండానే. ఆపేవాణ్ణి. వేళ్ళు మొదలయ్యేవి. అంతకు ముందు గిటారు నేర్చుకున్నాను, మూడు వారాలు. ఫోటోలు తీశాను, ఒక ఎండాకాలం. తేనెటీగలు పెంచుదామని పెట్టె తెచ్చి మేడ మీద పెట్టాను. అవి నాకంటే ముందే విసుగెత్తి వెళ్ళిపోయాయి. మా ఇంట్లోనే ఉండే మేనత్త నాకు 'ఉడుత' అని పేరు పెట్టింది. మా వీధిలో కొందరికి నా అసలు పేరు ఇప్పటికీ తెలియదు.

అలాంటి రోజుల్లో నాతో చదువుకున్న స్నేహితుడొకడు నన్ను తళవాయిపురం తీసుకెళ్ళి మాస్టరుకు చూపించాడు. మాస్టరు అక్కడి నూలు మిల్లులో ఫిట్టరు. అంతకు ముందు ఎనిమిదేళ్ళు సింగపూరులో ఓడలు బాగుచేసే చోట పనిచేశాడు. అక్కడ తానున్న మేడ కింద ఒక ముసలి చైనా ఆయన పొద్దున్నే విద్య నేర్పుతుంటే ఈయనా పోయి నిలబడ్డాడట. ఆ విద్య పేరు వింగ్ చున్. తిరిగొచ్చాక ఇంటి వెనుక రేకుల షెడ్డులో ముగ్గురు నలుగురికి నేర్పుతున్నాడు. సన్నగా, పొట్టిగా, బనీను వేసుకుని, చూడబోతే పాల బూతులో క్యూలో మన ముందు నిలబడే మనిషిలా ఉంటాడు. నేను కొంచెం నిరుత్సాహపడ్డాను. అప్పుడాయన మూలన ఉన్న ఒక దుప్పటి తీశాడు. దాని కింద నిలువెత్తు కొయ్య మొద్దు. గుండ్రంగా, నున్నగా, మనిషి ఒంటిలా ఉంది. భుజాల దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన రెండు చేతులు, కడుపు దగ్గర ఇంకొక చెయ్యి, కింద మోకాలి దగ్గర వంగిన ఒక కాలు. తల లేదు. మాస్టరు దాని ముందు నిలబడి ఆ చేతుల మధ్యకు తన చేతులు పోనిచ్చాడు. టక్, టక టక్, టక్. కొయ్య చేతులు వాటి బెజ్జాల్లో కదులుతూ బదులు చెబుతున్నాయి. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆయన మళ్ళీ దుప్పటి కప్పేశాడు. నేను మాత్రం ఆ నిమిషంలోనే నిశ్చయించేసుకున్నాను, నేను పుట్టింది దీనికేనని. (తేనెటీగల పెట్టె కొన్న రోజున కూడా సరిగ్గా ఇలాగే నిశ్చయించుకున్నాను.)

"మాస్టర్, నాకు ఇది ఎప్పుడు నేర్పిస్తారు?"

"మొదట నిల్చో తంబి."

"నిల్చునే ఉన్నానే."

"అది కాదు," అని నా మోకాళ్ళు లోపలికి తిప్పి, నడుము కిందికి నొక్కి, రెండు పిడికిళ్ళూ రొమ్ము పక్కన పెట్టించి, "ఇట్లా నిల్చో. ఆ కట్టె దగ్గరికి ఒక సంవత్సరం అయినాక పోదాం," అన్నాడు. ఒక సంవత్సరం! నా జీవితంలో ఏ పనీ అప్పటిదాకా ఒక సంవత్సరం బతికి బట్టకట్టలేదు. వారానికి మూడు రోజులు ఉదయం బస్సెక్కి వెళ్ళి నిలబడ్డాను. నిలబడి ఒక చెయ్యి ముందుకు చాపడం, వెనక్కి తీసుకోవడం, ఆవు నెమరు వేసినంత నిదానంగా. గోడ మీద చీమలు నాకంటే వేగంగా పైకి వస్తున్నాయి. మూడో వారానికి నా ఓపిక అయిపోయింది. ఆయన ఇవ్వకపోతే ఏం, నా కొయ్యమనిషిని నేనే చేయించుకుంటాను అనుకున్నాను.

దానికి కొలతలు కావాలి. మాస్టరు మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళే రోజు చూసుకుని, అంగట్లోంచి ఒక నూలు తాడు చుట్టి సంచిలో వేసుకుని వెళ్ళాను. "తువ్వాలు మరిచిపోయినాను అక్కా," అని మాస్టరు భార్యకు చెప్పి షెడ్డులోకి దూరి దుప్పటి తీశాను. తాళ్ళ వ్యాపారి కొడుకుని కనుక టేపు గీపు ఏమీ లేకుండా తాటితోనే పని కానిచ్చాను. నేల నుంచి కింది చేతికి ఒక ముడి, పై చేతులకు రెండు ముళ్ళు, మొద్దు తలకు మూడు ముళ్ళు. మొద్దు చుట్టుకొలతకూ చేతుల పొడవుకూ వేరే ముక్కలు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఐప్పసి నెల అది, మా వైపు వానల కాలం. తిరిగొచ్చే బస్సులో కిటికీ రేకు సగానికి వచ్చి ఇరుక్కుపోయి, వాన నేరుగా నా ఒళ్ళో కురిసింది. నేనూ తడిశాను, సంచీ తడిసింది, తాడూ తడిసింది. మరునాడు దాన్ని అంగడి వెనుక కొక్కానికి ఆరేసి, ఆరాక ముళ్ళు విప్పకుండా జాగ్రత్తగా చుట్టుకుని చోళపురం పోయే దారిలో ఉన్న ఆసారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆసారి అంటే మా వైపు వడ్రంగి.

ఈ ఆసారి మంచాల కోళ్ళకూ ఊయల బల్లలకూ పేరున్నవాడు. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. (మేం మాట్లాడుకున్నది తమిళంలో, ఇక్కడ మన భాషలో రాస్తున్నాను.)

"ఇది బట్టలు తగిలించుకునేదా తంబి?"

"కాదు ఆసారి, కొట్టేది."

"ఎవర్ని?"

"దీన్నే."

ఆయన పనిముట్లు కింద పెట్టి నా ముఖం చూశాడు. "చేసేదీ నేనే, కొట్టించేదీ నేనేనా," అని గొణుక్కున్నా, వేపమొద్దు ఒకటి తీసి చిత్రిక పట్టాడు. పది రోజులు నేను రోజుకు రెండుసార్లు సైకిలు మీద వెళ్ళి అయిందా అని అడిగాను. పదకొండో రోజు అయింది. మొద్దు బాగానే ఉంది. చేతులు మాత్రం ఆయన తన విద్యంతా చూపించి కడసాన, అంటే తరిమెన పట్టాడు. ఒక్కొక్క చేతికీ మూడు గుండ్రటి కడియాలు, మధ్యలో ఒక కుండ, కొసన తామరమొగ్గ. నా శత్రువు మూడు మంచం కోళ్ళు చేతులుగా పెట్టుకుని నిలబడ్డాడు. పైగా చేతుల్ని బెజ్జాల్లో జిగురు పెట్టి, మేకులు కొట్టి బిగించాడు. "కదలాలి ఆసారి, ఇవి కొంచెం ఆడాలి," అన్నాను. "నా చేతి పని ఇంతవరకూ ఎక్కడా ఆడలేదు," అన్నాడాయన, కోపంగా.

లోడు ఆటోలో ఇంటికి తెచ్చి, మొట్టమాడి మీద, అంటే మా వైపు మాటలో పై డాబా మీద, రెండు స్తంభాల మధ్య అడ్డ చెక్కలు కట్టి నిలబెట్టాను. అమ్మ మెట్లెక్కి వచ్చి చూసి, వెనక్కి దిగి వెళ్ళి, తడి బట్టల బకెట్టుతో మళ్ళీ వచ్చింది. నాన్న వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. దాని ముందు నేను నిలబడి చూపిస్తుంటే, "చేతులు నీ కడుపు దగ్గర ఉండాయే. నీ కొలతకు చేయలేదా?" అని అడిగాడు. అప్పటికి గాని నేనూ గమనించలేదు. మాస్టరు దగ్గర నా రొమ్ము ఎత్తుకు వచ్చిన చేతులు ఇక్కడ జానెడు కిందికి దిగిపోయాయి. ఎలా కొలిచావంటే చెప్పాను. తాడు తడిసిందని కూడా చెప్పాను. "మూడు తరాలుగా తాళ్ళు అమ్మే ఇల్లు ఇది. నూలు తాడు తడిస్తే కుదించుకుంటుందని నీకు ఎవరూ చెప్పలేదా?" అన్నాడు నాన్న. ఆయన గొంతులో కోపం కంటే దిగులు ఎక్కువగా ఉంది. అంగడి భవిష్యత్తు ఆయన కళ్ళ ముందు మెదిలినట్టుంది.

పొట్టిదైతే ఏం, వంగి కొడదాం అనుకున్నాను. మొదటి దెబ్బకే మేకులు కొట్టి బిగించిన తామరమొగ్గ చెయ్యి నా ముంజేతిని నిలవేసింది. కళ్ళ ముందు నీలం రంగు చుక్కలు తేలాయి. అయినా నాలుగు రోజులు కొట్టాను. ముంజేతులు నేరేడు పళ్ళ రంగుకు తిరిగాయి. ఆసారిని పిలిపించి బతిమాలి మేకులు పీకించి, చేతులు కాస్త చెక్కించాను. ఈసారి ఆయన మనసు విరిగి ఎక్కువే చెక్కాడు. చేతులు ఊడి రాకుండా బెజ్జాల వెనుక ఒక్కొక్క చెక్క చీల దిగ్గొట్టి, "ఇవి తీస్తే నా పూచీ లేదు," అని వెళ్ళిపోయాడు. ఇప్పుడు చప్పుడు వచ్చింది. టక్, టక టక్. నేను ఫోనులో వీడియోలు చూసి మొదటి పది పన్నెండు కదలికలు పట్టాను. మాస్టరు క్లాసుకు జ్వరమని కబురు పంపాను. ఎదురింటివాళ్ళు మా ఇంట్లో పచ్చడి అంత జోరుగా ఎవరు దంచుతున్నారని అడిగారు.

ఇక్కడ మా మేనత్త గురించి చెప్పాలి. నాన్నకు అక్క. మామయ్య పోయిన తర్వాత మా ఇంటికి వచ్చి, వచ్చిన వారానికే మా ఇంటిని తన ఇల్లు చేసుకున్న మనిషి. అప్పటికి అరవై దగ్గర పడుతోంది. వంద మందికి ఒంటి చేత్తో వంట దించగలదని పేరు. ఆ ఏడాది ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేచేది కాదు. అన్నిటికంటే ఆమెను కుంగదీసింది తల దువ్వుకోలేకపోవడం. రోజూ పొద్దున ఏడు గంటలకు అమ్మ ముందు పీట వేసుకుని, చిన్నపిల్లలా తల వంచుకుని కూర్చుని జడ వేయించుకునేది. ఆ కాసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. డాక్టరు గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్ళమన్నాడు. రెండు రోజులు చేసి, "గోడ ఎక్కేదానికి నేనేమి పల్లినా?" అని మానేసింది. పల్లి అంటే బల్లి.

ఒక మధ్యాహ్నం అంగడి నుంచి భోజనానికి వచ్చి, పైకి వెళ్ళి చూస్తే అత్త వడియాలు ఎండబెట్టి వాటి పక్కనే కాపలా నిలబడి ఉంది. పట్టేసిన చెయ్యి కొయ్యమనిషి కడుపు చేతి మీద ఆనించుకుని ఉంది. నన్ను చూసి తియ్యబోయి, మళ్ళీ ఉంచేసింది.

"ఇది కొంచెం ఇట్లా ఆడుతుంది గదరా, దాని మీద చెయ్యి పెడితే సుఖంగా ఉంది. నువ్వు దీన్ని ఎట్లా కొడతావు? ఒకటి చెప్పు."

"నీకు ఎందుకు అత్తా?"

"సుమ్మా, ఊరికేనే చెప్పురా ఉడుతా. కాకులను చూస్తా ఎంతసేపు నిల్చునేది?"

కొయ్య చేతులు ఆమె ముందు సరిగ్గా రొమ్ము ఎత్తున ఉన్నాయి. కుదించుకున్న తాడు నిజానికి మా అత్త కొలత తీసిందన్నమాట. నేను పెద్ద గురువులా ఆమె వెనుక నిలబడి, చేతిని కింది నుంచి తెచ్చి కొయ్య చేతికి తగిలించి, మోచెయ్యి దించి, మెల్లగా పైకి జరిపే కదలిక ఒక్కటి చూపించాను. ఆమె చెయ్యి పైకి తెస్తుంటే పళ్ళు బిగించింది. కంట్లో నీళ్ళు తిరిగాయి. "నొప్పిగా ఉంటే వద్దత్తా," అన్నాను. "నొప్పి నాది. నువ్వు మోచెయ్యి చూడు, సరిగా ఉందా?" అంది. కింద అమ్మ అన్నానికి పిలిచింది. మెట్ల దగ్గర ఉన్నప్పుడు వెనుక నుంచి, "మీ అమ్మకు చెప్పొద్దు. రాకపోతే నవ్వుతారు," అంది అత్త. నేను చెప్పలేదు. రహస్యం దాచే గుణం ఉండి కాదు. అన్నం తినేలోపు మరిచిపోయాను.

మరిచిపోవడానికి కారణం ఉంది. ఆ సాయంత్రమే మా వ్యాపారుల సంఘం సెక్రటరీ మామ అంగడికి వచ్చాడు. మాసి నెలలో, అంటే ఫిబ్రవరిలో, సంఘం వార్షికోత్సవం. నాన్న కమిటీలో ఉన్నాడు. "ప్రతి సంవత్సరం అవే డాన్సులు, అవే పాటలు. కొత్తగా ఏమన్నా పెట్టాలప్పా," అంటున్నాడు మామ. నా నోరు నన్ను అడగలేదు. "నేను చైనా యుద్ధవిద్య చూపిస్తాను మామా," అనేసింది. నాన్న వద్దని తల ఆడించేలోపు మామ రాసేసుకున్నాడు. తర్వాత నాకు సమయం ఉంది, రెండున్నర నెలలు. ఆ రెండున్నర నెలలూ కష్టపడి అభ్యాసం చేసి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. నేను చేసిందల్లా నల్ల దుస్తులు కుట్టించుకోవడం, పసుపు నడికట్టా ఎర్ర నడికట్టా అని తేల్చుకోలేక ఊరంతా తిరగడం, అడిగినవాడికీ అడగనివాడికీ కార్యక్రమం గురించి చెప్పడం. పొద్దున పైకి వెళ్ళి ఐదు నిమిషాలు టకటకలాడించి, వచ్చేసినట్టే అనుకుని దిగిపోయేవాణ్ణి. మొదటి పన్నెండు కదలికలు దాటి పదమూడోది ఏనాడూ నేర్చుకోలేదు. మధ్యాహ్నాలు మేడ మీద నుంచి అప్పుడప్పుడూ మెల్లగా టక్... టక్... అని వినిపించేదని, తాను గాలికి అనుకున్నానని అమ్మ తర్వాత ఎప్పుడో చెప్పింది.

వార్షికోత్సవానికి వారం ముందు మాస్టరు మా అంగడి ముందు సైకిలు ఆపాడు. నేను గోనెపట్టాల వెనక్కి జరిగాను. మూడు నెలలుగా నాకు జ్వరం కదా. ఆయన నాలుగు మూరల కొబ్బరి తాడు అడిగాడు. కోసి చుట్టి ఇచ్చాను. తీసుకుని, "జ్వరం తగ్గినట్టుంది," అన్నాడు. ఆ తర్వాత, "మిల్లు గేటు దగ్గర టీ అంగట్లో నోటీసు అంటించినారు. నీ పేరు చూసినాను తంబి. ఆదివారం నాకు సెలవే, వస్తాను," అన్నాడు. కోప్పడలేదు. నవ్వనూ లేదు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ వారం నాకు నిజంగానే జ్వరం వచ్చినట్టు ఉండింది. రాకపోవడం నా దురదృష్టం.

ఆదివారం ఉదయం పదిన్నరకు మండపం నిండిపోయింది. వెనుక వైపు నుంచి భోజనాల సాంబారు వాసన. కొయ్యమనిషిని విప్పి, ఆటోలో తెచ్చి, స్టేజీ మీద కొత్త నైలాన్ తాళ్ళతో బిగించాం. (తాళ్ళ విషయంలో మా అంగడి పరువు నిలిచింది.) తెర పక్క నుంచి తొంగి చూశాను. ముందు వరుసలో ముఖ్య అతిథి, ఒక రిటైరైన కాలేజీ ప్రిన్సిపాలు, మెడలో దండతో. మూడో వరుసలో అమ్మ, అత్త. అందరికంటే వెనుక, గోడకు ఆనుకుని, తెల్ల చొక్కాలో మాస్టరు. నా పేరు పిలిచారు. నేను వెళ్ళి నమస్కరించి మొదలుపెట్టాను. టక్, టక టక్. సభ నిశ్శబ్దమైంది. పన్నెండు కదలికలు బ్రహ్మాండంగా వచ్చాయి. అవి అయిపోయాయి. నాకు ఇచ్చిన సమయం ఐదు నిమిషాలు. గడిచింది అర నిమిషం. మళ్ళీ మొదటి నుంచి చేశాను, ఇంకొంచెం వేగంగా. మూడోసారి ఇంకా వేగంగా. చెమట కళ్ళలోకి దిగింది. నాలుగోసారి గుడ్డిగా కుడి వైపు ఒక దెబ్బ వేస్తే కొయ్యమనిషి కుడి చెయ్యి బెజ్జంలోంచి ఊడి, గాలిలో తిరుగుతూ వెళ్ళి, స్టేజీ అంచున పడి, అక్కడి నుంచి దొర్లి ముఖ్య అతిథి పాదాల దగ్గర ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, విప్పేటప్పుడు తీసిన చీలలన్నీ మా మొట్టమాడి పిట్టగోడ మీదే ఉన్నాయని. ముఖ్య అతిథి మర్యాదస్తుడు. వంగి, ఆ కడియాల చేతిని రెండు చేతులా ఎత్తి, దులిపి, ఎవరో జ్ఞాపిక ఇచ్చినట్టు ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

అక్కడ ఆపేసి ఉండవచ్చు. నాకు ఆగడం వస్తే కదా. మిగిలిన రెండు చేతుల్నే పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను, మోచేతులు కోడి రెక్కల్లా విదిలిస్తూ. వెనుక పిల్లలు నవ్వుతున్నారు. సెక్రటరీ మామ తెర వేయమని ఎవరికో సైగ చేస్తున్నాడు. అప్పుడు మూడో వరుసలోంచి ఒక గొంతు, వంద మంది వంట దగ్గర వాడే గొంతు, మండపమంతా మోగింది.

"ఒరే ఉడుతా! మోచెయ్యి దించరా! నువ్వే గదరా చెప్పినావు నాకు! ఇట్లా వచ్చి, ఇట్లా జరిగి, ఇట్లా పైకి!"

అత్త లేచి నిలబడి ఉంది. చెప్పడమే కాదు, చేసి చూపిస్తోంది. కుడి చెయ్యి కింది నుంచి వచ్చి, మోచెయ్యి దిగి, మెల్లగా, ఎక్కడా అదరకుండా లేచి, ముఖం దాటి, నుదురు దాటి, తలకు పైన నిలిచింది. నేను కొట్టడం ఆపాను. ఆమె పక్కన కూర్చున్న అమ్మ, "వదినా! చెయ్యి! చెయ్యి పైన ఉంది వదినా!" అని కేక పెట్టింది. అప్పుడు అత్త తల ఎత్తి తన చేతిని తానే చూసుకుంది, పక్కింటివాళ్ళ చెయ్యేదో అక్కడికి వచ్చినట్టు. దాన్ని దించలేదు. దించితే మళ్ళీ లేస్తుందో లేదో అని భయపడిందని నాకు అర్థమైంది. కమిటీ బ్యాడ్జీ పెట్టుకున్న నాన్న కుర్చీలు తోసుకుంటూ పరిగెత్తుకొచ్చి, "దించొద్దక్కా, ఉండు, ఉండు," అంటున్నాడు, ఏం చేయాలో తెలియక తన చెయ్యి కూడా పైకెత్తి. సభలో వాళ్ళు ఇదంతా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. అన్ని చప్పట్లు ఆ రోజు ఇంక దేనికీ పడలేదు.

మాస్టరు ముందుకు వచ్చాడు. ముఖ్య అతిథికి దండం పెట్టి కొయ్య చెయ్యి తీసుకుని, దాని మీది తామరమొగ్గను ఒకసారి తడిమి చూశాడు. తర్వాత అత్త దగ్గర నిలబడి అడిగాడు.

"అమ్మా, మీకు ఎవరు నేర్పించినారు ఇది?"

అత్త అదే చేత్తో నా వైపు చూపించింది. "వీడే. ఒక్కరోజు చెప్పినాడు."

"రోజుకు ఎన్నిసార్లు చేసినారు?"

"లెక్క ఎవరు పెట్టినారప్పా? వడియాలు ఎండేదాకా చేస్తా ఉంటిని. వడియాలు అయిపోయినాక మిరపకాయలు పోసినాను."

మాస్టరు స్టేజీ మీద ఉన్న నా వైపు తిరిగాడు. నన్ను అదే ప్రశ్న అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. "కిందికి రా తంబి, నీళ్ళు తాగు," అన్నాడు, అంతే. ఆయన తిట్టి ఉంటే నేను సమాధానం తయారుగా ఉంచుకున్నాను. వారం రోజులుగా తయారుచేసుకున్నదే. దిగి వెళ్ళి, వెనుక భోజనాల దగ్గర ఆ నీళ్ళు తాగాను. కొలతలు దొంగిలించిన సంగతి, జ్వరం సంగతి, అక్కడే అరటాకుల కట్టల పక్కన నిలబడి అన్నీ చెప్పేశాను. ఆయన విని, "తాడు తడిసినాక మళ్ళీ ఒకసారి కొలిచి ఉండాలి," అని మాత్రం అన్నాడు. మంగళవారం ఉదయం నేను తళవాయిపురం బస్సెక్కాను. షెడ్డులో మోకాళ్ళు లోపలికి తిప్పి, పిడికిళ్ళు రొమ్ము పక్కన పెట్టుకుని, మొదటి రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాను.

అంతకు ముందు రోజు, అంటే సోమవారం, ఏడు గంటలకు అమ్మ ఎప్పటిలాగే దువ్వెన, నూనె గిన్నె పెట్టుకుని కూర్చుంది. అత్త రాలేదు. అద్దం ముందు నిలబడి, తానే తల దువ్వుకుంటోంది. మధ్యలో రెండుసార్లు చెయ్యి దించి ఊపిరి తీసుకుంది. అరగంట పట్టింది. జడ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆ వంకర జడతోనే పాల బూతు దాకా నడిచి, అవసరం లేకపోయినా వీధి చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. అమ్మ దువ్వెనలోని వెంట్రుకలు తీస్తూ, "బాగైపోయింది, మంచిదే," అంది. కాసేపటికి, "ఏడు గంటలకు ఇప్పుడు నాకేమి పని?" అంది. ఆ మాట నవ్వుతూనే అంది గాని, ఆ దువ్వెన చాలాసేపు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

నేను మాస్టరు దగ్గర రెండేళ్ళు ఉన్నాను. నా లెక్కన అది రెండు జన్మలు. రెండో ఏడు చివర్లో ఆయన దుప్పటి తీసి నన్ను పిలిచారు. తర్వాత కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ సింగపూరు వెళ్ళిపోయారు. ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. తల పక్కన నెరిసింది. పొద్దున కాసేపు చేతులు అలవాటుగా కదిలిస్తాను. ఎవరికీ చూపించేటంత రాదు, చూపించాలనీ లేదు. అప్పుడప్పుడూ ఆ నల్ల దుస్తుల కుర్రవాడు గుర్తొస్తాడు, స్టేజీ మీద చెమటలు కక్కుతూ నాలుగోసారి మొదలుపెడుతూ. వాడికి ఎదురుగా వెళ్ళి, కాస్త ఆగరా, ఏమీ మించిపోలేదు అని చెప్పాలనిపిస్తుంది. కానీ వాడి తొందర నాకు తెలుసు కదా. నేను ఆ మాట పూర్తి చేసేలోపు వాడు సైకిలెక్కి వీధి మలుపు తిరిగిపోయి ఉంటాడు. నిజం చెప్పాలంటే, వాడు అలా వెళ్ళిపోతుంటే వెనుక నిలబడి చూడటం నాకు ఇష్టంగానే ఉంటుంది.